పదునే అసలు వాన

కడప జిల్లా మైదుకూరు నాలుగు రోడ్ల కూడలిలో ప్రొద్దుటూరు, బద్వేలు, కడప, నంద్యాల వైపుల నుంచి వచ్చి దిగే రైతుల్లో ఎవరిని కదిలించినా మొదట వచ్చే మాట వానే. పడిందా, తప్పించుకుపోయిందా, ఏ వంక దాకా వచ్చి ఆగిపోయింది అన్నదే ముచ్చట. చివరికి అందరూ తేల్చే మాట ఒకటే: మనకు వానలు లేవు. ఇక మన జిల్లా నుంచి ఉద్యోగాలకు పోయి అమెరికా వాయవ్య తీరంలోని సియాటిల్ నగరం చుట్టూ, రెడ్మండ్‌లోనో బెల్వ్యూలోనో కాపురాలు పెట్టిన పిల్లలు ఫోనులో చెప్పే మాట ఇంకోటి: ఇక్కడ ఎప్పుడూ ముసురే, ఎండ మొహం చూసి నెలయింది. ఒకటి కరువు సీమ, ఒకటి వానల ఊరు. అయితే రెండు చోట్లా ఏడాది పొడవునా పడే వానను పక్కపక్కన పెట్టి చూడండి. సియాటిల్‌లో సగటున 950 నుంచి 1000 మిల్లీమీటర్లు. కడప జిల్లాలో సుమారు 700 మిల్లీమీటర్లు. అంటే వాళ్లకు పది పాళ్లు పడితే మనకు ఏడు పాళ్లు పడుతోంది. పదికీ ఏడుకీ ఉన్న తేడా ఒక ఊరిని పచ్చగా, ఇంకో ఊరిని ఎండుగా మార్చేంత పెద్దది కాదు. మరి మార్చింది ఏమిటి? ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరికితే మన కరువుకు చేయవలసిన వైద్యం కూడా తెలుస్తుంది. అందుకే ఈ రోజు రెండు ఊళ్ల వాతావరణాన్ని ఒకచోట పెట్టి చూద్దాం.

ముందు సియాటిల్ ఏడాది ఎలా గడుస్తుందో చూద్దాం. ఆ నగరం 47 డిగ్రీలు దాటిన ఉత్తర అక్షాంశం మీద, పసిఫిక్ సముద్రపు పాయను ఆనుకుని ఉంది. అక్టోబరులో మబ్బు పట్టిందంటే మార్చి దాకా వదలదు. నవంబరు, డిసెంబరు, జనవరి నెలల్లోనే వాన ఎక్కువ. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నర కాకముందే పొద్దు గుంకుతుంది, మధ్యాహ్నం వేడి కూడా 8 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. వాన కుండపోతగా కురవదు. సన్నటి తుంపర గంటల తరబడి, రోజుల తరబడి పడుతూనే ఉంటుంది. జులై, ఆగస్టు వచ్చేసరికి కథ తిరగబడుతుంది. ఆకాశం తేటపడి, పగలు 25 డిగ్రీల హాయైన ఎండ కాస్తుంది. జులై నెల మొత్తం మీద పడే వాన 20 మిల్లీమీటర్లు కూడా ఉండదు. నీళ్లు పెట్టని ఇళ్ల ముందు గడ్డి పసుపురంగుకు తిరుగుతుంది. వానల ఊరని పేరుపడ్డ చోటే రెండు నెలలు దాదాపు వాన మొహం చూడని ఎండాకాలం ఉందన్న మాట. ఇది మనం గుర్తుపెట్టుకోవాల్సిన మొదటి సంగతి.

మన ఏడాది లెక్క వేరు. సంక్రాంతి నాటికి తెల్లవారుజామున పొగమంచు, చలి. పసుపు తవ్వి, ఉడకబెట్టి, కళ్లాల్లో ఆరబోసుకునే కాలం అది. శివరాత్రి దాటితే చలి పోతుంది. మార్చి నుంచి ఎండ ముదిరి, మే నెలలో 40 డిగ్రీలు దాటి నిలుస్తుంది. రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయన్నది మన దగ్గర ఊరికే పుట్టిన మాట కాదు. మృగశిరకు నైరుతి గాలి తగులుతుంది. కానీ ఆ గాలి అరేబియా సముద్రం నుంచి మోసుకొచ్చిన నీటిలో ఎక్కువ పాలు పడమటి కనుమల మీదే దించేస్తుంది. అక్కడి ఆగుంబెలో ఏడాదికి 7000 మిల్లీమీటర్ల దాకా కురిస్తే, కొండలు దిగి మన దాకా వచ్చేది దుమ్ము లేపే గాలి, తేలిక మబ్బు. జూన్, జులై నెలలు ఎక్కువగా గాలితోనే గడిచిపోతాయి. మనకు నమ్మకమైన వాన ఉత్తర, హస్త, చిత్త కార్తెల్లో, అంటే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పడుతుంది. ఆ తర్వాత బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే నవంబరులో నాలుగు రోజులు ముసురు. పుట్టకపోతే అదీ లేదు. రెండు రుతుపవనాల అంచున బతుకుతున్నాం కాబట్టి రెండింటి నుంచీ కొంత అందుతుంది, రెండింటిలో ఏదీ పూర్తిగా మనది కాదు.

ఇక్కడే ఒక మాట ఆలోచించాలి. వానను కొలిచే పద్ధతులు మన ఊళ్లలో రెండున్నాయి. ఒకటి ప్రభుత్వానిది. వర్షమాపకం గరాటులోంచి కింది పాత్రలోకి దిగిన నీటిని రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు గీతలున్న కొలగాజులో పోసి, ఇన్ని మిల్లీమీటర్లని పుస్తకంలో రాస్తారు. రెండోది రైతుది. వాన వెలిసిన మరునాడు చేలోకి పోయి, జానెడు లోతు మట్టి తీసి పిడికిట్లో పట్టి నొక్కుతాడు. అది ముద్ద కావాలి, ఆ ముద్దను వేలితో తాకితే విడిపోవాలి. అప్పుడు పదునైంది అంటాడు. ముద్ద కాకపోతే పదును చాలలేదు, వేలికి జిగటగా అంటుకుంటే ఇంకా ఆరాలి. దుక్కి పదును, ఇత్తనం పదును అని దాంట్లో మళ్లీ తరగతులు. గరాటులోకి ఎంత దిగిందో ప్రభుత్వ కొలత చెబుతుంది. వేరుకు ఎంత అందిందో రైతు కొలత చెబుతుంది. రెండూ అవసరమే. కానీ పంటను బతికించేది రెండోదే. నేను ఈ ప్రసంగంలో చెప్పదలచిన మాట కూడా ఇదే: మైదుకూరుకూ సియాటిల్‌కూ ఉన్న అసలు తేడా పడిన వానలో కంటే నిలిచిన పదునులో ఉంది. కాబట్టి మన కరువు సగం ఆకాశం చేసిందైతే, సగం మనం నేలను చూసుకోకపోవడం వల్ల వచ్చింది.

దీనికి ఆధారాలు చూద్దాం. మొదటిది వాన పడే రోజులు. సియాటిల్‌లో ఏడాదికి సుమారు 150 రోజులు ఎంతో కొంత చినుకు పడుతుంది. కడప జిల్లాలో వాన రోజులు నలభై చిల్లర. లెక్కకట్టే తీరులో తేడా ఉందన్నది నిజమే. వాళ్లు పావు మిల్లీమీటరు పడినా ఒక రోజుగా లెక్కిస్తారు, మన వాతావరణ శాఖ 2.5 మిల్లీమీటర్లు పడితేనే వాన రోజు అంటుంది. ఆ తేడా తీసేసినా, వాళ్ల వాన చాలా రోజులకు పంచుకుని నెమ్మదిగా పడుతుందనీ, మనది కొద్ది రోజుల్లో మీద పడిపోతుందనీ స్పష్టమే. 40 మిల్లీమీటర్లు నాలుగు రోజుల్లో పడితే నేల తాగుతుంది. అవే 40 మిల్లీమీటర్లు గంటలో పడితే ఎర్రనేల పైపొర బిగుసుకుపోయి, నీళ్లు మట్టిని వెంటబెట్టుకుని వంకలో పడి, కుందూలోకో పెన్నలోకో చేరి, సోమశిల దాటి సముద్రం చూస్తాయి. ఇక రెండో ఆధారం ఎండ. సియాటిల్‌లో వాన పడే కాలంలో ఎండ లేదు. అక్కడ ఏడాది మొత్తం మీద ఎండకు ఆవిరి కాగల నీరు పడే వాన కంటే తక్కువ. మన దగ్గర నేల నుంచీ ఆకుల నుంచీ ఎండ లాగేయగల నీరు పడే వానకు రెండింతలకు పైనే. ఏడు పాళ్ల రాబడి, పదిహేను పాళ్ల ఖర్చు. ఇంత లోటున్న ఇంట్లో ప్రతి కాసూ ఎక్కడికి పోతోందో చూసుకోక తప్పదు.

మూడో ఆధారం ఇంకా గట్టిది. సియాటిల్ కూడా మనలాగే కొండచాటు ఊరే. దానికి పడమరగా ఒలింపిక్ పర్వతాలున్నాయి. సముద్రపు గాలి ముందు వాటికి తగులుతుంది. ఆ కొండల అవతలి వైపు హో అనే అడవిలో ఏడాదికి 3000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. ఇవతలి వైపు, సియాటిల్ నుంచి పెద్ద దూరం లేని స్క్విమ్ అనే చిన్న పట్టణంలో పడేది సుమారు 400 మిల్లీమీటర్లు. మైదుకూరు కంటే బాగా తక్కువ! వానల తీరమని పేరు మోసిన చోట మన కంటే తక్కువ వాన పడే ఊరు ఒకటుంది. ఆ ఊరు ఏం చేసింది? 1890ల నాటి రైతులు కొండల మీద మంచు కరిగి పారే నదికి కాలువలు తవ్వి సేద్యం మొదలుపెట్టారు. ఆ కాలువల పేరుతో 1896 నుంచి ఏటా పండగ చేసుకుంటున్నారు. ఈ రోజు ఆ ఊరు సువాసనల లావెండర్ తోటలకు పేరుపడింది. వాన తక్కువైనంత మాత్రాన ఊరి రాత తేలిపోదనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

అక్కడ చలికాలపు వానను ఎండాకాలం దాకా దాచిపెట్టేది మంచు. నగరానికి తూర్పున కాస్కేడ్ పర్వతాల మీద చలికాలమంతా మంచు పేరుకుంటుంది. వాన లేని జులైలో అదే కరిగి ఏళ్లలోకి దిగుతుంది. మరి మనకు మంచు ఎక్కడిది అంటారా? మనకూ ఒకటుంది, అది నల్లరేగడి. మీటరు లోతున్న మంచి నల్లరేగడి తన కడుపులో 150 మిల్లీమీటర్లకు పైగా వానను వేరుకు అందేలా దాచుకోగలదు. దీన్ని రుజువు చేసే పంట మన కళ్ల ముందే ఉంది. జమ్మలమడుగు, కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ వైపు నల్లచేలలో అక్టోబరు, నవంబరులో శనగ విత్తుతారు. ఆ తర్వాత వాన పడినా పడకపోయినా, మట్టిలో దాగిన పదును తాగి, పొగమంచుకు తడిసి, మూడు నెలలు దాటగానే పంట చేతికొస్తుంది. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల పనితో వచ్చిన జేజీ-11 వంటి తక్కువ కాలపు రకాలు ఈ సేద్యాన్ని ఇంకా నిలబెట్టాయి. అందులో రహస్యం ఒక్కటే: హస్త, చిత్తల వానను భూమిలోకి దింపి, అది పైకి రాకుండా కాపాడుకోవడం. విత్తే ముందు గుంటక తోలితే నెర్రెలు పూడి, పైన పొడిమట్టి దుప్పటిలా పరుచుకుంటుంది. కింది తేమకు ఎండ తగలదు. మన పెద్దలకు శాస్త్రం పేర్లు తెలియకపోవచ్చు, పని తెలుసు.

అందరికీ నల్లరేగడి లేదు కదా అనవచ్చు. నిజమే. నల్లమల, లంకమల కొండల పాదాల దగ్గర గరుసు నేలలున్నాయి, ఎర్రనేలలున్నాయి. అవి నీటిని తమలో ఎక్కువ దాచుకోలేవు. అలాంటి చోట నేల చేయలేని పనిని చెరువు చేయాలి. ఆ విద్యకు మన జిల్లాయే పుట్టినిల్లనదగ్గ ఆధారం ఒకటుంది. మైదుకూరుకు ఈశాన్యాన ఉన్న పోరుమామిళ్ల చెరువును 1369లో విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించాడు. రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేస్తే కట్ట పూర్తయిందని అక్కడి శాసనం చెబుతుంది. ఆ శాసనం దానాలతో, పొగడ్తలతో ఆగిపోలేదు. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు సాధనాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కించారు. కట్ట కారడం ఒక దోషం. చవిటి నేల ఒక దోషం. ఆయకట్టు నేల ఎక్కువై నీరు తక్కువైనా దోషమే, నీరు ఎక్కువై నేల తక్కువైనా దోషమే. ఆరున్నర శతాబ్దాల కిందట, వర్షమాపకం లేని రోజుల్లో, వచ్చే నీటికీ దున్నే నేలకూ పొత్తు కుదరాలని రాయి మీద రాసుకున్న సీమ ఇది. ఇప్పుడు మన పంటల ఎంపికలో, బోర్ల తవ్వకంలో జరుగుతున్నది సరిగ్గా ఆ దోషమే: నీరు తక్కువ, ఆశ ఎక్కువ.

ఇక ఎదురయ్యే అభ్యంతరాలకు వద్దాం. మొదటిది: 700 మిల్లీమీటర్లన్నది సగటు లెక్క, సగటు ఎవరి కడుపూ నింపదు, వాన రాని ఏడు అసలే రాదు కదా అని. ఈ మాటలో చాలా నిజముంది. 1876లో మొదలై జనాన్ని ఊళ్లకు ఊళ్లుగా తుడిచిపెట్టిన ధాత కరువు ఈ గడ్డ మీదే వచ్చింది. సియాటిల్ వానకు ఉన్న నమ్మకం మన వానకు లేదు. అయితే ఈ అభ్యంతరం నా వాదాన్ని ఇంకా గట్టి చేస్తుంది. రాబడి నిలకడగా ఉన్నవాడు దాచుకోకపోయినా గడుస్తుంది, నిలకడ లేనివాడే దాచుకోవాలి. ఒక మిల్లీమీటరు వాన ఒక ఎకరం మీద పడితే అది 4000 లీటర్ల నీరు. 700 మిల్లీమీటర్లు పడితే 28 లక్షల లీటర్లు, అంటే 5000 లీటర్ల ట్యాంకర్లు 560. వాన సగమే పడిన ఏట కూడా ప్రతి ఎకరానికీ 280 ట్యాంకర్లు ఆకాశం నుంచి దిగుతాయి. అందులో ఎన్ని ఆ ఎకరంలోనే ఉండిపోయాయన్నదే వరపును తట్టుకునే చేనునూ, తట్టుకోలేని చేనునూ వేరు చేస్తుంది.

రెండో అభ్యంతరం: మనకు కాలువలున్నాయి, జలాశయాలున్నాయి, చేని గట్టు గురించి ఇంత చర్చ ఎందుకు? కాలువల మేలును నేను తక్కువ చేయను. సుంకేసుల నుంచి కడప దాకా సాగే కేసీ కాలువ 1860లలో తవ్వకం మొదలై 1870ల నుంచి ఈ సీమకు అన్నం పెడుతోంది. మైదుకూరు, చాపాడు, ఖాజీపేట పొలాల వరి, పసుపు దాని చలవే. బ్రహ్మంగారిమఠం దగ్గర 17 టీఎంసీలకు పైగా పట్టే జలాశయం తెలుగుగంగ ప్రాజెక్టులో భాగంగా వచ్చింది. కానీ ఆ నీళ్లు ఎక్కడివో చూడండి. కేసీ కాలువ తుంగభద్రది. తుంగభద్ర కర్ణాటక కనుమల వానది. నీళ్ల పంపకం తేల్చిన బచావత్ ట్రిబ్యునల్ కేసీ కాలువకు 39.9 టీఎంసీలు రాసిచ్చినా, నది పారని ఏట కాగితం పారదు. తుంగభద్ర డ్యాం తొలినాళ్లలో 130 టీఎంసీలకు పైగా పట్టేది. పూడిక పేరుకుని ఇప్పుడు 105 టీఎంసీల దగ్గరికి తగ్గింది. 2024 ఆగస్టు 10 రాత్రి దాని 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు, దిగువన ఎన్ని జిల్లాల గుండెలు ఆగాయో అందరికీ తెలుసు. పైనుంచి వచ్చే నీటి కోసం పోరాడాల్సిందే. ఆ పోరాటం చేస్తూనే తలమీద పడే నీటిని జారవిడుచుకోకూడదు. పైగా కాలువ అందని మెట్ట ఊళ్లకు రెండో దారి లేదు.

మూడో అభ్యంతరం: సియాటిల్ డబ్బున్న నగరం, దానితో మనకు పోలికేమిటి, ఇక్కడ సేద్యపు కుంటలు తవ్వి కూడా చూశాం, చాలా చోట్ల ఎండిపోయాయి కదా అని. కుంటల సంగతి ఒప్పుకోవాల్సిందే. వాలు చూడకుండా, నీరొచ్చే దారి చూడకుండా తవ్విన కుంట గుంతగానే మిగులుతుంది. పూడిక తీయని చెరువు పేరుకే చెరువు. లోపం కుంటలో లేదు, తవ్వి వదిలేయడంలో ఉంది. ఇక సియాటిల్ డబ్బుతో చేసిన పనిలో మనం నేర్చుకోదగ్గది చాలా సాదా సంగతి. 1889లో ఊరు అగ్నికి ఆహుతయ్యాక ఆ నగర ప్రజలు తమ నీటి ఏర్పాటు తామే చేసుకోవాలని ఓటు వేసి తీర్మానించారు. 1901 నుంచి సెడార్ నది నీరు తాగుతున్నారు. ఆ నది పుట్టే 90,000 ఎకరాల అడవిని నగరమే తన చేతుల్లో ఉంచుకుని, మనుషులు తొక్కకుండా కాపాడుతోంది. నీరు కావాలంటే నీరు దిగే కొండను కాపాడాలన్న తెలివి అది. మనకు నల్లమల ఉంది, లంకమల ఉంది, పాలకొండలున్నాయి. లంకమల చిట్టడవిలో 1986లో మళ్లీ కనబడిన కలివికోడి అనే పక్షి కోసం ఆ పొదలను కాపాడితే, వాటి కింద ఇంకే నీరు కూడా దక్కుతుంది. కొండ మీద కంప నరికితే కింద చెరువులో పూడిక పడుతుంది. రెండూ ఒకే లెక్కలోని అంకెలు.

ఈ పని ఆలస్యం చేయడానికి ఇప్పుడు వ్యవధి కూడా లేదు. వాతావరణం రెండు చోట్లా గతి తప్పుతోంది. 2021 జూన్ 28న సియాటిల్‌లో 42 డిగ్రీలు దాటిన ఎండ కాసింది. అంటే మన మే నెల ఎండ, ఏసీలు లేని ఇళ్లున్న ఊరి మీద. అదే ఏడాది నవంబరు నడుమ ఆ తీరాన్నే కుండపోత వానలు ముంచెత్తాయి. సరిగ్గా అదే వారంలో, నవంబరు 19 తెల్లవారుజామున, మన చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, పులపత్తూరు, మందపల్లె ఊళ్ల మీద పడి పదులకొద్దీ ప్రాణాలు తీసుకుపోయింది. కరువు సీమలో వరదకు మనుషులు చనిపోయారు. ఇంతకంటే చెప్పాల్సిందేముంది? వాన తగ్గడం ఒక్కటే భయం కాదు, ఉన్న వాన ఇంకా తక్కువ రోజుల్లో, ఇంకా ఉధృతంగా పడటం కూడా భయమే. కొండవాలు మీద, చేను మీద, కుంటలో, చెరువులో మెట్టుమెట్టుకూ ఆపుకుంటూ వచ్చిన నీరు చివరి కట్ట మీద ఒక్కసారిగా పడదు. కరువుకు చేసే వైద్యమే వరదకూ పనికొస్తుంది.

శ్రోతలారా, వానల ఊరిని చూసి అసూయ పడాల్సింది లేదు, మన ఊరిని చూసి నిట్టూర్చాల్సిందీ లేదు. ఆకాశం మన చేతిలో లేదు. పదును మాత్రం చాలావరకు మన చేతిలో ఉంది. ఈ ఏడు మృగశిర కార్తె రాకముందే ప్రతి రైతూ తన చేని చుట్టూ ఒకసారి నడిచి రావాలని నా మనవి. నిరుడు నీళ్లు ఎక్కడ గట్టు తెంచుకుపోయాయో అక్కడ నాలుగు పారల మట్టి వేయండి. వాలుకు అడ్డంగా దున్నండి. ఊరి చెరువు తూము పనిచేస్తోందో లేదో, నీళ్లొచ్చే వాగుకు ఎవరైనా అడ్డం కట్టారో లేదో పదిమందీ కలిసి చూడండి, పంచాయతీని అడగండి. పట్నంలో ఉన్నవాళ్లు మిద్దె నీటిని ఇంకుడు గుంతకు మళ్లించండి. వంద చదరపు మీటర్ల మిద్దె మీద మన జిల్లా సగటు వాన పడితే ఏడాదికి 70,000 లీటర్లు దిగుతాయి. ఇప్పుడు ఆ నీళ్లు మురుగుకాలువ పాలవుతున్నాయి.